తల్లికి అన్నప్రాసన

నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కనబడితే ఈ కాలం ఆడపిల్లలు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "అమ్మమ్మా, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన రోగం ఏది?" కలరా అంటానని వాళ్ళ ఆశ. అది కాదంటే మశూచి. పల్నాడులో పనిచేశాను కాబట్టి మలేరియా అన్నా సర్దుకుంటారు. నేను మాత్రం పసిపిల్లల కరపాణి అంటాను. దాంతో వాళ్ళ మొహాలు వాడిపోతాయి. ఇప్పుడు డాక్టర్లు ఎగ్జిమా అంటున్నారే, అదే. చెంపలు ఎర్రబడి చెమ్మగిల్లడం, మోచేతుల మడతల్లో దురద, పిల్ల గీరుకుని గీరుకుని ఏడవడం. ఇంతమాత్రానికి నర్సు ఏడవడం ఏమిటని పైకి అనరు గాని నాకు వినబడుతుంది.

కలరా వస్తే ఊరు భయపడుతుంది. భయపడిన ఊరు మాట వింటుంది. టీకాకు చెయ్యి చాపుతుంది, నీళ్ళు కాచుకుని తాగుతుంది. దురదకు ఎవరూ భయపడరు. భయం లేదు గనక ప్రతివాళ్ళూ వైద్యం చెబుతారు. నా గొడవంతా ఆ ప్రతివాళ్ళతోనే. నర్సింగు చదువుతున్న అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పుస్తకాల్లో మందుల పేర్లు ఉంటాయి గాని ఈ ప్రతివాళ్ళ సంగతి ఉండదు. అందుకని చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

అవి యుద్ధం రోజులు. గుంటూరులో శిక్షణ పూర్తి చేసుకున్న నన్ను గురజాల తాలూకాలో ఒక పల్లెటూరి ఆస్పత్రికి వేశారు. మా నాన్న నరసరావుపేటలో మిషను బడిలో పంతులు. పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో నడుస్తున్న బస్సు ఎక్కిస్తూ, "అక్కడి మనుషులు మొహం మీదే మాట్లాడతారు. నువ్వూ అంతే గదా, సరిపోతుందిలే" అని దీవించి పంపాడు. ఆ బస్సు ఎత్తు వచ్చిన ప్రతిచోటా ఆగింది. దిగి నడిచి, మళ్ళీ ఎక్కి, ఒళ్ళంతా మసితో ఉద్యోగంలో చేరాను.

ఆస్పత్రి అంటే నాపరాళ్ళ గోడలు, పైన పెంకులు, ముందు ఒక వరండా. మా డాక్టరుగారు వయసు మళ్ళిన మనిషి. వైద్యం బాగా తెలుసు, మాటలే కరువు. రోగికి చెప్పవలసింది ఒకసారి చెప్పేవారు, అర్థం కాకపోతే అది రోగి తప్పు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు మా కాంపౌండరు ఇద్దరి మాటలూ తనే మాట్లాడేవాడు. మందు కలుపుతూ ఊరి కబుర్లు, పొట్లం కడుతూ యుద్ధం కబుర్లు. వాజిలీను దొరక్కపోతే మైనం కరిగించి కొబ్బరినూనెలో కలిపి, అందులో జింకు పొడి వేసి మలాము తయారు చేసేవాడు. చేసిన ప్రతిసారీ "రండి, వాసన చూడండి" అని నన్ను పిలిచేవాడు. అందులో వాసన ఏమీ ఉండేది కాదు. బాగుందనేదాన్ని.

ఒకనాడు పొద్దున్నే ఒక పెద్దావిడ ఆడపిల్లను భుజాన వేసుకుని వచ్చింది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసిన మనిషి, మాటలో అధికారం. మిరపతోట, జొన్నచేలు, గేదెలు ఉన్న ఇల్లు. భర్త పోయాక ఆ సేద్యమంతా ఆవిడే చేయించుకొస్తోంది. పిల్లకు ఏడో నెల నడుస్తోంది. రెండు చెంపలూ పచ్చిగా, వాటి మీద పసుపురంగు పొక్కులు. మోకాళ్ళ వెనక గీరుకున్న చారలు. పిల్ల తన మొహాన్ని నాయనమ్మ భుజానికేసి అటూ ఇటూ రుద్దుతూనే ఉంది. వాళ్ళ వెనక పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె తల వంచుకుని నిలబడింది. ఎవరో పనిపిల్ల అనుకున్నాను. తల్లి ఆ అమ్మాయే.

"గజ్జి అని బజార్లో గంధకం తెచ్చి ఆముదంలో నూరి పూశాం బాబూ. మంటెత్తి గుక్కపట్టి ఏడిచింది" అని పెద్దావిడ డాక్టరుగారికి చెప్పింది.

ఆయన పిల్లను వెలుగులోకి తిప్పి చూశారు. "గజ్జి కాదు. ఎవరికీ అంటదు. ఈ పిల్ల చర్మం తీరే అంత. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. అప్పటిదాకా కాపాడుకోవాలి."

"పెద్దయితే అదే తగ్గేదానికి ఇంక మీరెందుకు బాబూ?"

లోపల కాంపౌండరు దగ్గు వచ్చినట్టు నటించాడు. నాకూ నవ్వొచ్చింది గాని ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మందు రాస్తే పోయే రోగాన్ని జనం నమ్ముతారు. వస్తూ పోతూ ఉండే రోగాన్ని ఎవరు నమ్ముతారు? నాలుగు రోజులు తగ్గితే మందు మానేస్తారు, మళ్ళీ వస్తే మందు పనిచేయలేదంటారు. ఈ జబ్బులో అసలు చిక్కు ఇదే. మలాము ఇచ్చి, ఇంటికి వెళ్ళి ఎలా వాడాలో చూపించమని డాక్టరుగారు నాకు పురమాయించారు.

వాళ్ళిల్లు ఊరి చివర. నేను క్రైస్తవురాలినని వాళ్ళకు తెలుసు, వంటింటి గడప ఇవతల పీట వేశారు. ఆ రోజుల్లో అది మామూలు. పీట వేయని ఇళ్ళు కూడా నాకు తెలుసు కాబట్టి కూర్చున్నాను. పిల్లకు నీళ్ళు పోయడం చూశాను. ఆ వీధిలో పుట్టిన పిల్లలందరికీ నీళ్ళు పోసిన చేయి ఆ నాయనమ్మది. కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళమీద వేసుకుని, నూగు పోవాలని సున్నిపిండితో ఒళ్ళంతా నలిచి నలిచి, పొగలు కక్కే నీళ్ళు పోస్తోంది. పిల్ల ఎర్రగా ఉడికిపోయి ఊరు వినేట్టు ఏడుస్తోంది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ పట్టి, గరుకు గొంగళిలో చుట్టి పడుకోబెట్టింది.

"పెద్దమ్మా, ఈ సున్నిపిండి మానెయ్యాలి" అన్నాను.

"మా అబ్బాయికి ఇట్టాగే పోశా. చూడు, ఎద్దు మాదిరి ఉన్నాడు."

"మీ అబ్బాయి తోలు వేరు, ఈ పిల్ల తోలు వేరు. దీని ఒంట్లో చెమ్మ నిలవదు. మీరు రుద్దితే ఉన్నది కూడా పోతుంది. పగిలిన చోట దురద, దురద పుట్టిన చోట గీరుడు, గీరిన చోట పుండు."

ఆవిడ చాలాసేపు నన్ను ఎగాదిగా చూసింది. చివరికి పిండి గిన్నె పక్కకు తోసి, "సరే, రేపు నువ్వెట్టా పోస్తావో పొయ్యి" అంది. మర్నాడు వెళ్ళి నీళ్ళు గోరువెచ్చగా చేసి, సబ్బూ పిండీ ఏమీ లేకుండా పోశాను. రుద్ది తుడవకుండా పాతచీర ముక్కతో అద్ది, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే మలాము రాశాను. గోళ్ళు కత్తిరించి, చేతులకు మెత్తటి గుడ్డ సంచులు తొడిగి నాడాలు కట్టాను. గొంగళి తీసేసి నూలుచీర మడత పరిపించాను. సాంబ్రాణి వద్దన్నాను. తగ్గినట్టు కనబడినా నూనో మలామో రాయడం మానొద్దని మరీ మరీ చెప్పాను. పిల్ల ఏడవకుండా నీళ్ళు పోయించుకోవడం ఆవిడకు వింతగా తోచింది. "ఏందిది, దీనికి నోరు పోయిందా?" అని వంగి చూసింది.

అప్పటి నుంచి ఆవిడ నేను చెప్పినట్టే చేసింది. అంత తేలిగ్గా మాట వింటుందని నేననుకోలేదు. అందుకు కారణం నాకు తర్వాత అర్థమైంది. స్నానం ఆవిడ చేతిలో పని. ఆవిడ పెట్టిన పద్ధతిని ఆవిడే మార్చుకోగలదు, ఇంకొకరి అనుమతి అక్కర్లేదు.

చెంపలు ఆరడం మొదలుపెట్టాయి. కాని పిల్ల ఏడుపు ఆగలేదు. దురద తగ్గుతున్న పిల్ల అలా ఏడవకూడదు. ఒకరోజు వెళ్ళేసరికి తల్లి పాలిస్తోంది. పిల్ల రెండు గుక్కలు పీల్చి, వదిలేసి, పిడికిలి నోట్లో పెట్టుకుని ఏడ్చి, మళ్ళీ పట్టుకుంటోంది. అది ఆకలి. తల్లి వైపు అప్పుడు సరిగ్గా చూశాను. కంఠం కింద ఎముకలు, ముంజేతుల మీదికి జారిపోతున్న గాజులు. ఆ రోజుల్లో పల్లెల్లో తల్లిపాలు ఎండిపోయిన పసిబిడ్డ సంగతి నర్సులందరికీ తెలుసు. గేదెపాలలో నీళ్ళు కలిపి గుడ్డవత్తితో పట్టేవాళ్ళు. విరేచనాలు పట్టుకుని పోయిన పిల్లలను నా చేతులతోనే తల్లుల ఒళ్ళోంచి తీసుకున్నాను. ఈ పిల్లను దురద ఏమీ చేయదు. పాలు పోతే మాత్రం దక్కదు.

"ఏం తింటున్నావమ్మాయ్?" అని అడిగాను.

"జొన్నన్నం."

"అందులోకి?"

"శొంఠిపొడి, ఉప్పు."

"ఇంకా?"

ఆ అమ్మాయి అత్త వైపు చూసింది. అత్త సమాధానం చెప్పింది. "పత్యం నర్సమ్మా. తల్లి తిన్నదే గదా పిల్లకి దిగేది."

పత్యం ఎలా మొదలైందో విడమరిచి అడిగాను. పిల్ల చెంప మీద మొదటి పొక్కు కనబడగానే అత్త వంకాయ మాన్పించింది, వంకాయ దురద కాబట్టి. చూడటానికి వచ్చిన పక్కింటి వదిన గోంగూర మాన్పించింది. ఎదురింటి ముసలామె గుమ్మడికాయ వద్దంది. పప్పు తింటే చీము పడుతుందని ఇంకొకరు. పెరుగు తింటే చెమ్మ ఊరుతుందని మరొకరు. వేరుశనక్కాయలు, నెయ్యి, చివరికి మిరపకాయ. మిరపతోట ఉన్న ఇంట్లో కోడలికి కారం లేదు! పసిబిడ్డను చూడటానికి ఉత్త చేతులతో రాకూడదని మనవాళ్ళ మర్యాద. ఆ వీధి వాళ్ళు తలా ఒక పత్యం పట్టుకొచ్చారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అందరూ ప్రేమతోనే ఆ తల్లి కంచంలోంచి ఒక్కొక్కటీ తీసేశారు. అయిదో నెలలో పిల్లకు అన్నం ముట్టించవలసింది కూడా, ఒళ్ళు బాగయ్యాక చూద్దామని ఆపేశారు.

మీకు ఒక మాట చెప్పాలి. తిండికీ దురదకూ సంబంధం ఎప్పుడూ లేదని నేననను. ఏ కొద్దిమంది పిల్లలకో ఏదో ఒక తిండి పడకపోవడం ఉంది. అది తిన్నప్పుడల్లా ఒళ్ళు పొంగుతుంటే, దాన్ని కనిపెట్టి, ఆ ఒక్కటీ మాన్పించాలి. అంతేగాని చూడవచ్చిన వాళ్ళందరూ తలా ఒకటి మాన్పిస్తే చివరికి తల్లి మిగలదు.

నాకు కోపం ఎక్కువ. ఆ రోజు అత్త మీద అరిచాను. "గేదెకు మేత తగ్గిస్తే పాలిస్తుందా పెద్దమ్మా? మీకు నేను చెప్పాలా?" అన్నాను. బ్రహ్మాండమైన పాయింటు పట్టానని నా ధీమా.

ఆవిడ తొణక్కుండా, "గేదెకి కరపాణి రాదుగా నర్సమ్మా" అంది.

మర్నాడు డాక్టరుగారిని వెంటబెట్టుకెళ్ళాను. ఆయన తల్లి కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తం లేదు. ఏమైనా తినొచ్చు. అన్నీ తినాలి" అని రెండు ముక్కలు చెప్పి గొడుగు తీసుకున్నారు. అత్త చేతులు జోడించి, "అట్టాగే బాబూ" అంది. అంతటి డాక్టరు ఇంటికొచ్చి చెప్పాడు గదా, ఇక పనైపోయిందనుకున్నాను. రెండు మూడు రోజుల తర్వాత వెళితే కంచంలో అదే జొన్నన్నం, అదే శొంఠిపొడి. అత్త వండనే లేదేమో అనుకున్నాను. తీరా చూస్తే గూట్లో మూతపెట్టిన గిన్నెలో పప్పు ఉంది. వండారు, పెట్టారు, ఆ అమ్మాయే ముట్టుకోలేదు.

పెరట్లో గుడ్డలు ఉతుకుతుంటే దగ్గరికి వెళ్ళాను. అరవబోయి, ఆ ముంజేతులు చూసి ఊరుకున్నాను. "ఎందుకు తినలేదమ్మా? డాక్టరుగారు స్వయంగా చెప్పారు గదా" అన్నాను.

ఆ అమ్మాయి నాతో పూర్తిగా నోరు విప్పి మాట్లాడటం అదే మొదలు. గుడ్డ పిండుతూ, నా వైపు చూడకుండా అంది. "అక్కా, తినమన్నది మీరు. వద్దన్నది వాళ్ళు. వద్దన్నోళ్ళు తినమనాల గదా. రేపు పిల్లకి ఎక్కువైతే మీరు ఆస్పత్రిలో ఉంటారు. నేను వీళ్ళ మధ్యన ఉండాల."

అప్పటికి నాలుగైదు నెలలుగా ఆ పిల్ల చెంప ఎర్రబడినప్పుడల్లా వీధివీధంతా ఈ అమ్మాయి నోటికేసి చూసింది. ఏం తిన్నావే, ఏం తిన్నావే అని అడిగింది. ఏమీ తినలేదని ఒట్టు పెట్టుకోవడానికి వీలుగా ఏమీ తినకుండా ఉండటం నేర్చుకుంది పాపం. శాస్త్రం చెప్పి నేను తీయగల భయం కాదది.

ఆస్పత్రికి వచ్చి ఈ మాట చెబితే కాంపౌండరు మందు కలపడం ఆపేశాడు. "మా ఇంట్లోనూ అంతేనండీ. మా అమ్మ పెట్టిన పత్యం మా అమ్మ విడిస్తేనే మా ఆవిడ తినేది. నేను చెబితే నవ్వేది" అన్నాడు. పత్యం పెట్టినవాళ్ళే విడవాలి, ఇది ఆ వైపు పద్ధతి. వైద్యుడు పెట్టిన పత్యాన్ని వైద్యుడు విడుస్తాడు. ఇక్కడ డాక్టరుగారు ఏ పత్యమూ పెట్టలేదు, విడవడానికి ఆయన ఎవరు?

మళ్ళీ అత్త దగ్గరికి వెళ్ళాను, ఈసారి గేదెలు లేకుండా. "పెద్దమ్మా, మీరు పెట్టింది వంకాయ ఒక్కటే గదా. దాన్ని మీరు తీసెయ్యండి" అన్నాను.

"నేనొక్కదాన్ని తీస్తే ఏం లాభం? మిగతా అయ్యన్నీ?"

"వాళ్ళనీ పిలవండి. ఎవరు పెట్టింది వాళ్ళే వచ్చి తీస్తారు. పిల్లకు అన్నం ముట్టించడం ఎలాగూ ఆగిపోయింది గదా, అది పెట్టుకోండి. ఆ రోజే తల్లికి కూడా."

ఆవిడ ముక్కు మీద వేలు వేసుకుంది. "తల్లికి అన్నప్రాసనా?" అని కాసేపు నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళి, పిల్లను ఎత్తుకొచ్చి, దాని పొట్ట నిమురుతూ కూర్చుంది. పాలు చాలడం లేదన్న సంగతి ఆవిడకు తెలుసు. తెలిసే రాత్రిళ్ళు పిల్లను భుజాన వేసుకుని తిప్పుతోంది. చివరికి, "పిలుస్తా. వస్తారో రారో నాకు తెలవదు" అంది.

వచ్చారు. పత్యం పెట్టినవాళ్ళలో ఒక్కరూ మానలేదు. వీధిలో ఇంత ముచ్చట ఎవరు వదులుకుంటారు? ఒక్కొక్కరూ చిన్న గిన్నెలో తను వద్దన్నదాన్ని వండి, మూత పెట్టి తెచ్చారు. నాకు మళ్ళీ గడప దగ్గరే పీట వేశారు. ఆ రోజు అదే మంచి చోటైంది, లోపలా బయటా అంతా కనబడింది. డాక్టరుగారు నన్ను పంపుతూ, "అన్నీ పిడికెడేసి పెట్టకండి, రుచి చూపించండి. ఆ తర్వాత వరసగా ఒక్కోటి పెంచండి. ఏదైనా పడకపోతే తెలుస్తుంది" అన్నారు. ఆయన నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు రావడం నేనెప్పుడూ వినలేదు.

ముందు పిల్లకు పాయసం నాకించారు. నాలుక బయటపెట్టి, మొహం చిట్లించి, మళ్ళీ నోరు తెరిచింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత తల్లిని పీట మీద కూర్చోబెట్టారు. అత్త వంకాయ కూర కలిపిన ముద్ద చేతిలోకి తీసుకుంది. "నేను పెట్టిన పత్యం నేనే విడిపిస్తన్నా. తిను తల్లీ" అంది. ఆ అమ్మాయి అందరి మొహాలూ ఒకసారి చూసి నోరు తెరిచింది. నమలడం మొదలుపెట్టాక కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, నమలడం మాత్రం ఆపలేదు.

గోంగూర వదిన వచ్చింది, పప్పు మాన్పించినావిడ వచ్చింది. ఎదురింటి ముసలామె దగ్గరికి వచ్చేసరికి వరస ఆగిపోయింది. గుమ్మడికాయ వండి తెచ్చింది గాని గిన్నె మూత తియ్యదు.

"ఇది మా అత్త చెప్పిన మాట. ఆమె పోయి చానా ఏళ్ళాయె. ఆమె చెప్పింది నేనెట్టా తీసేది?"

పోయినవాళ్ళను ఎక్కడి నుంచి పిలుచుకు రావాలి? నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"ఏమే, మీ అత్త వచ్చి నా కోడలికి చెప్పిందా? నువ్వు చెప్పావ్. మీ అత్త నీకు పెట్టింది నువ్వు ఉంచుకో, నువ్వు దీనికి పెట్టింది తియ్."

ముసలామె అదీ నిజమే అనుకున్నట్టుంది, మూత తీసింది. అక్కడి నుంచి పోటీ మొదలైంది. గుమ్మడికాయకు పెద్ద ముద్ద పెట్టారని గోంగూర వదిన ఇంకో ముద్ద కలిపింది. పెరుగు తెచ్చినావిడ తనది చివర్లో వచ్చిందని అలిగింది. మాన్పించడంలో ఎంత హుషారు చూపారో పెట్టడంలోనూ అంతే. రుచి చూపించమన్న డాక్టరుగారి మాట ఎటో పోయింది. నేనే లేచి ఇక చాలు, చాలని అరవవలసి వచ్చింది.

ఆ తర్వాత వంతులు పెట్టుకున్నాం. కొన్నాళ్ళు పప్పు, దాని మీద ఏమీ పొంగకపోతే పెరుగు, అలాగ. దేనితోనూ పిల్లకు ఎక్కువ కాలేదు. తల్లికి బుగ్గలు వచ్చాయి. పాలు మళ్ళీ పడ్డాయి. పిల్ల కడుపు నిండా తాగి పడుకోవడం చూసి అత్త, "ఇన్నాళ్ళూ దురద ఏడుపనుకున్నాం గదే" అని తనలో తనే గొణుక్కుంది. స్నానం, మలాము, గుడ్డ సంచులు ఏవీ మానలేదు. చెంపలు నున్నబడ్డాయి. కాంపౌండరు తన మలాము మహిమ అన్నాడు, నేను స్నానం మహిమ అన్నాను. మేమిద్దరం ఇలా ముచ్చటపడుతుంటే డాక్టరుగారు కాగితం మీంచి తలెత్తకుండా, "మళ్ళీ వస్తుంది" అన్నారు.

వచ్చింది. ఆ ఏడు చలిగాలి ముందే మొదలైంది. పొడిగాలికి పెద్దవాళ్ళ కాళ్ళే పగులుతుంటే ఈ పిల్ల చర్మం ఏం తట్టుకుంటుంది? పొద్దున్నే ఆ ఇంటి పాలేరు ఆస్పత్రికి వచ్చి, పిల్ల చెంపలు మళ్ళీ పచ్చిపుండయ్యాయని చెప్పాడు. భయపడ్డాను. రోగానికి కాదు. దానికి ఏం చేయాలో తెలుసు, మలాము ఇంకాస్త దట్టంగా రాస్తాం, ఇంకొన్ని రోజులు పడుతుంది. నా భయమంతా కంచం గురించి. ఇప్పుడు ఆ వీధికి దొరికింది సందు. ఇంకొకసారి ఆ అమ్మాయి నోరు కట్టుకుంటే ఇక ఏ వేడుకా విడిపించలేదు. వాళ్ళకు ఏం చెప్పాలో, చలికీ తిండికీ తేడా ఎలా వివరించాలో, అవసరమైతే ఎవరిని తిట్టాలో, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో దారంతా మాటలు కూడబెట్టుకుంటూ నడిచాను.

అనుకున్నట్టే అరుగు మీద ఆడవాళ్ళు చేరారు. అత్త పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని చెంపలకు మలాము అద్దుతోంది. నేను వాకిట్లో ఉండగానే గోంగూర వదిన గొంతు వినబడింది.

"నేనప్పుడే అనుకున్నా వదినా. తీసెయ్యకుండా ఉండాల్సింది. మళ్ళీ మాన్పించు. నీ వంకాయతోనే మొదలుపెట్టు."

అత్త తలెత్తలేదు. వేలితో మలాము తీసి రెండో చెంపకు రాస్తూ నిదానంగా చెప్పింది. "మాన్పించా. నా చేత్తోనే మాన్పించా. అప్పుడూ దీని చెంపలు ఎర్రగానే ఉన్నయ్. నా చేత్తోనే పెట్టా. నున్నబడినయ్. ఇప్పుడు చలికి మళ్ళీ ఎర్రగా అయినయ్. ఇది వచ్చిద్ది, పోయిద్ది. దాని కోసం నా కోడల్ని ఎండబెట్టుకోను. ఇంకెవరన్నా ఈ పిల్లని చూట్టానికొస్తే నూనె తెండి, పాతచీర ముక్క తెండి. పత్యం తేమాకండి."

నేను కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. అంత సంతోషంగా ఎప్పుడూ నోరు మూసుకోలేదు. ఆవిడ నన్ను చూసి, "రా నర్సమ్మా, కూర్చో" అని పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చింది. తర్వాత మెడ తిప్పి లోపలికి కేకేసింది.

"ఏమే, తిన్నావా?"

వంటింట్లోంచి, నోటినిండా ముద్దతో, వీధికంతా వినబడేట్టు జవాబు వచ్చింది.

"తింటన్నా అత్తా!"